ఆసుపత్రి బిల్లు సున్నా, కుటుంబానికి నష్టం 94,500: ఒక మిర్చి యార్డు ముఠా కూలీ కేసు

ఈ కేసు 2022 ఫిబ్రవరి ఆఖరులో గుండెపోటుకు గురైన ఒక ముఠా కూలీ (జట్టుగా బస్తాలు మోసే హమాలీ) కుటుంబానికి సంబంధించినది. ఇంట్లో ముగ్గురు: గుంటూరు మిర్చి యార్డులోనూ, సీజన్ ముగిశాక చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లోనూ టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే నలభై ఆరేళ్ళ తండ్రి, కోల్డ్ స్టోరేజీ దగ్గర మిరపకాయలకు తొడిమలు తీసే తల్లి, పాలిటెక్నిక్‌లో డిప్లొమా రెండో ఏడాది చదువుతున్న కొడుకు. అసంఘటిత కార్మిక కుటుంబాల రాబడి, ఖర్చు, అప్పుల వివరాలను పక్షానికోసారి ఇంటికి వెళ్ళి ఖాతాగా రాసుకునే మా పనిలో ఈ కుటుంబం జబ్బుకు ముందు నుంచే ఉంది. అందువల్ల ఇక్కడ పోల్చి చూపే పాత రాబడి ఏ రోజుకారోజు నమోదైనదే గాని, జబ్బు చేశాక వెళ్ళి "అప్పట్లో ఎంత వచ్చేది" అని అడిగి రాసుకున్నది కాదు. మనుషులను గుర్తుపట్టే వివరాలు తీసేశాను, మొత్తాలను దగ్గరి వందలకు సర్దాను.

పని, పాలు (వాటా)

సీజన్ ముమ్మరంగా ఉన్నప్పుడు గుంటూరు యార్డుకు రోజుకు లక్షకు పైగా టిక్కీలు వస్తాయి. ఒక్కో టిక్కీ బరువు నలభై నుంచి నలభై ఐదు కిలోలు. లారీ దించడం, కమీషన్ కొట్టు ముందు వరుస పేర్చడం, కాటా పెట్టడం, కొనుగోలు అయ్యాక మళ్ళీ లారీకెక్కించడం, వీటన్నిటికీ కూలి టిక్కీ లెక్కనే. దింపుడు కూలి రైతు తక్‌పట్టీలో (అమ్మకపు లెక్క చీటీలో) కోతగా వస్తుంది, ఎక్కింపుడు కూలి వ్యాపారి ఇస్తాడు. ఈ సొమ్ము మనిషి చేతికి నేరుగా రాదు, ముఠాకు వస్తుంది. ముఠా మేస్త్రీ దగ్గర పొడవాటి నోట్‌బుక్కులో రోజువారీ హాజరు ఉంటుంది. శనివారం సాయంత్రం వచ్చిన మొత్తాన్ని హాజరు ప్రకారం సమాన పాలు వేసి పంచుతారు. బలంగా ఉండి పది టిక్కీలు ఎక్కువ మోసినవాడికీ, ఆ రోజు నడుం పట్టేసి కాటా దగ్గర నిలబడినవాడికీ ఒకటే పాలు. ఈ కేసు అర్థం కావడానికి ఈ పంపకం పద్ధతి చాలా ముఖ్యం.

తండ్రి రాబడి సాధారణ ఏడాదిలో సుమారు 1,67,000. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో నెలకు 24,000 చొప్పున, వేసవి సెలవులకు యార్డు మూసే మే నెలలో 15,000 వస్తుంది. అంటే ఏడాది రాబడిలో సగానికి పైగా నాలుగు నెలల్లోనే చేతికి అందుతుంది. మిగిలిన ఎనిమిది నెలలు కోల్డ్ స్టోరేజీ పనితో నెలకు సగటున పది వేలు. తల్లికి పని దొరికిన రోజున సుమారు 250. ఇంటద్దె, చీటీ, పండగ ఖర్చు, పాత బాకీలు అన్నీ సీజన్ సొమ్ము మీదే నడుస్తాయి కాబట్టి, ఈ ఇంటికి ఫిబ్రవరి ఆఖరులో వచ్చిన జబ్బూ ఆగస్టులో వచ్చిన జబ్బూ ఒకటి కావు.

జబ్బు, చికిత్స

మధ్యాహ్నం భోజనాల తరువాత లారీ దించుతుండగా ఎడమ చెయ్యి లాగుతోందంటూ ఆయన పక్కకు వెళ్ళి కూర్చున్నారు. మిర్చి ఘాటుకు దగ్గు, ఆయాసం యార్డులో అందరికీ ఉండేవే గనుక మొదట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఒళ్ళంతా చెమటలు పట్టేసరికి ముఠావాళ్ళు ఆటో ఎక్కించి దగ్గరలోని ఒక నర్సింగ్ హోంకు తీసుకెళ్ళారు. అక్కడ ఈసీజీ తీసి, ఇంజెక్షన్లు ఇచ్చి, ఆ రాత్రి ఉంచుకుని, తెల్లవారాక పెద్ద ఆసుపత్రికి వెళ్ళమన్నారు. ఆ ఒక్క రాత్రికి అయిన ఖర్చు 11,000. మరునాడు ఆరోగ్యశ్రీ నెట్‌వర్క్ ఆసుపత్రిలో చేర్చుకుని స్టెంట్ వేశారు. అక్కడ కుటుంబం నుంచి ఒక్క రూపాయి తీసుకోలేదు. "అక్కడ మమ్మల్ని బాగానే చూశారండి. ఇంటికొచ్చాకే మొదలైంది మా తంటా" అన్నది తల్లి మాట.

2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ ఏ పని కోసం పుట్టిందో ఈ కేసులో ఆ పని చేసింది. ఆ పథకం తొలి నెలల ప్రభావాన్ని పరిశీలించి విక్టోరియా ఫాన్, అనూప్ కరణ్, అజయ్ మహల్ 2012లో ప్రచురించిన అధ్యయనం కూడా ఇన్‌పేషెంట్ చికిత్సకు కుటుంబాలు జేబులోంచి పెట్టే ఖర్చు తగ్గిందనే తేల్చింది. అయితే అక్కడ కొలిచింది వైద్యానికి పెట్టిన ఖర్చును. పనికి వెళ్ళలేక పోగొట్టుకున్న కూలి ఆ కొలతలోకి రాదు, రావలసిన పనీ లేదు, ఎందుకంటే పథకం దాన్ని తీరుస్తానని ఎన్నడూ చెప్పలేదు.

డిశ్చార్జ్ కాగితంలో మందుల పట్టిక కింద బరువులు ఎత్తవద్దన్న సూచన ఒకటి ఉంది. వైద్యుడి వైపు నుంచి అది మామూలు జాగ్రత్తే. ఇరవై ఏళ్ళుగా టిక్కీలు మోయడం తప్ప వేరే పని ఎరగని మనిషికి మాత్రం ఆ ఒక్క వాక్యంతో వృత్తి ముగిసింది.

ఆరు నెలల లెక్క

మార్చి నుంచి ఆగస్టు వరకు తండ్రికి మామూలుగా రావలసింది 90,000. వచ్చింది రెండు రకాలుగా. ముఠా కట్టుబాటు ప్రకారం జబ్బుపడిన సభ్యుడికి మొదటి నెల సగం పాలు ఇస్తారు, అది 12,000. ఆగస్టులో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా కుదిరితే ఆ నెల జీతం 8,000. ఈ రెండూ తీసేస్తే తండ్రి కోల్పోయిన రాబడి 70,000. ఆసుపత్రిలోనూ తరువాత ఇంట్లోనూ తోడు ఉండడానికి తల్లి సీజన్ నడుమ దాదాపు మూడు వారాల పని మానుకుంది; అది మరో 5,000.

వైద్యం చుట్టూ జేబులోంచి పెట్టినది: నర్సింగ్ హోం 11,000, తోడున్నవాళ్ళ తిండి, ఆటోలు కలిపి 6,000, ఆ తరువాత బయట కొన్న మందులకు 7,500. మొత్తం 24,500. అంటే కోల్పోయిన రాబడి వైద్యపు ఖర్చుకు మూడింతలు. ఇది ఒక్క కుటుంబం లెక్కే గాని, ఈ తీరు ఇక్కడిది మాత్రమే కాదు. అమెరికాలో ఆరోగ్య బీమా ఉన్న, ఇంకా వృద్ధాప్యానికి రాని పెద్దలు ఆసుపత్రి పాలైతే ఏమవుతుందో పరిశీలించిన డాబ్‌కిన్, ఫింకెల్‌స్టైన్, క్లూండర్, నోటోవిడిగ్డో 2018లో చూపింది కూడా ఇదే: జేబు ఖర్చు పెరుగుతుంది గాని దానితో పోలిస్తే సంపాదన పడిపోవడం చాలా పెద్దది, దానికి బీమా దాదాపు లేదు. ఇండోనేషియా కుటుంబాల మీద గెర్ట్లర్, గ్రూబర్ 2002లో ప్రచురించిన పరిశోధనలోనూ పెద్ద జబ్బు వచ్చినప్పుడు కుటుంబాలు తమ వినియోగాన్ని (తిండి, ఇతర ఇంటి ఖర్చులను) నిలబెట్టుకోలేకపోయాయి.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ ఖాళీని నేరుగా పూరించడానికి ఒక పథకం ఉండేది. 2019 డిసెంబరు 2న ప్రారంభమైన ఆరోగ్య ఆసరా కింద, శస్త్రచికిత్స తరువాత విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 5,000 రోగి ఖాతాలో వేసేవారు. కూలి నష్టాన్ని ప్రభుత్వం తన లెక్కలోకి తీసుకున్న అరుదైన సందర్భం ఇది, అందుకే దీని మీద నాకు గౌరవం ఉంది. కాని దాని అమరిక చూడాలి. రోజుకు 225 చొప్పున ఇరవై రెండు రోజులకే నెల గరిష్ఠం అయిపోతుంది. ముప్ఫై రోజులూ మంచం మీద ఉన్నవాడికి పడేది నిజానికి రోజుకు 167. పథకం పెట్టిన ఏడాది రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి 211, కాబట్టి 225 అప్పటికి సమంజసమే. ఉపాధి కూలి మరుసటి ఏడాదే 237 అయింది, ఈ కేసు నాటికి, అంటే 2022-23లో, 257కు చేరింది. ఆసరా మొత్తం మాత్రం కదలలేదు. ఈ కుటుంబానికి అందినది 5,000. అది సమయానికి పడింది, ఇంటద్దెకు పోయింది.

ఇవన్నీ కలిపి ఆసరా సొమ్ము మినహాయిస్తే కుటుంబానికి పడిన గండి 94,500.

గండి ఎలా పూడ్చారు

డ్వాక్రా సంఘం అంతర్గత నిధి నుంచి 20,000 తీసుకున్నారు. నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట 30,000 తెచ్చారు. నెలకు 900 వడ్డీ, ఏడాదికి చూస్తే 36 శాతం. తల్లి గొలుసు తాకట్టు పెడితే 18,000 వచ్చింది. రేషన్ బియ్యం ఉండబట్టి అన్నానికి లోటు రాలేదు గాని పాలు, కూరలు, మాంసం తగ్గాయి, రెండు నెలలు చీటీ కట్టలేదు. ఈ సర్దుబాట్ల విలువ 10,500. మిగిలిన 16,000 జులై, ఆగస్టు నెలల్లో కొడుకు సంపాదన.

కొడుకు చదువు మానడానికి ఫీజు కారణం కాదు. అప్పట్లో విద్యా దీవెన కింద ఫీజు ప్రభుత్వమే భరించేది, వసతి దీవెన కింద పాలిటెక్నిక్ విద్యార్థులకు ఏడాదికి 15,000 తల్లి ఖాతాలో పడేది. అసలు కారణం ముఠాలో తండ్రికి ఉన్న చోటు. ముఠాలో మనిషిగా చేరడం తేలిక కాదు. సంఖ్య పెరిగితే పాలు తగ్గుతుంది గనుక కొత్తవాళ్ళను సులువుగా రానివ్వరు, ఖాళీ అయిన చోటుకు బంధువర్గంలో ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు కాచుకుని ఉంటారు. జబ్బుపడినవాడి చోటును కొంతకాలం అట్టే ఉంచుతారు, ఈలోగా ఇంట్లోంచి బదులు మనిషిని పంపుకోవచ్చు, పంపకపోతే చోటు పోతుంది. జూన్ నెలాఖరు పంపకం రోజున నేను అక్కడే ఉన్నాను. మేస్త్రీ నోట్‌బుక్కు మూసి, రబ్బరు బ్యాండు వేసి, తండ్రి వైపు చూసి అన్నారు: "బావా, దసరా దాకా ఆపమంటే ఆపగలను గానీ కుర్రోళ్ళు ఊరుకోవటం లేదు. అబ్బాయిని పంపరాదూ." అందులో బెదిరింపు లేదు, మేలు చేస్తున్నానన్న భావమే ఉంది, అది నిజంగా మేలే కూడా. జులైలో మూడో ఏడాది తరగతులు మొదలైనప్పుడు అబ్బాయి కాలేజీకి కాక కోల్డ్ స్టోరేజీకి వెళ్ళాడు.

ఇప్పుడు ఆగస్టు నెల ఒక్కటి విడిగా చూడండి. తండ్రి వాచ్‌మన్ జీతం 8,000, కొడుకు పాలు 8,000. జబ్బుకు ముందు ఏడాది ఆగస్టులో ఈ ఇంట్లో మగవాళ్ళ సంపాదన 9,000. ఆగస్టు చివర ఒక సర్వే బృందం వచ్చి "గత ముప్ఫై రోజుల్లో ఇంటి రాబడి ఎంత, ఆహార ఖర్చు ఎంత" అని అడిగితే, ఈ కుటుంబం ఆరు నెలల్లో పూర్తిగా కోలుకోవడమే కాదు, మెరుగుపడిందని తేలుతుంది. రాసిన అంకెలన్నీ సరైనవే అయి ఉంటాయి. అవి చెప్పని సంగతి ఏమిటంటే, ఈ ఇంట్లో బీమా పనిచేసింది కొడుకు డిప్లొమా రూపంలో, దాని ప్రీమియం కట్టేది అతని రాబోయే ముప్ఫై ఏళ్ళ సంపాదన.

వినియోగం నిలకడగా ఉందా లేదా అన్నదాన్నే రక్షణకు కొలమానంగా తీసుకునే పద్ధతి పట్ల నాకున్న ప్రధానమైన అభ్యంతరం ఇదే. ఆ పద్ధతికి పునాది వేసిన పరిశోధనల్లో ఒకటి మన నేల మీదే జరిగింది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975 నుంచి సేకరించిన గ్రామస్థాయి సమాచారంతో, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లితో పాటు మహారాష్ట్రలోని షిరాపూర్, కంజారా గ్రామాలను ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్‌సెండ్ పరిశీలించి 1994లో ఫలితాలు ప్రచురించారు. కుటుంబాల వినియోగం ఊరి సగటుతో పాటే పెరిగి తగ్గుతోందనీ, సొంత జబ్బు, పని దొరకకపోవడం వంటివి దాన్ని పెద్దగా కదిలించడం లేదనీ ఆయన చూపారు. భూమి లేనివారికి మాత్రం మూడింటిలో ఒక గ్రామంలో రక్షణ తక్కువగా ఉందని కూడా అన్నారు. అదే సమాచారంతో అంజిని కొచ్చర్ 1995లో వేసిన ప్రశ్న నా పనికి ఇంకా దగ్గరిది. పంట పోతే కుటుంబం కూలికి వెళ్ళి ఆ నష్టం పూడ్చుకోగలదు. కూలికి వెళ్ళవలసిన మగమనిషే మంచాన పడితే, అందునా పనులు ముమ్మరంగా ఉన్న రోజుల్లో పడితే, ఆ దారి మూసుకుపోయి అప్పు మిగులుతుంది. మిర్చి సీజన్‌లో పడిన మా కేసుకు ఇది అచ్చంగా వర్తిస్తుంది.

ముఠా చేసిన బీమా ఎందుకు పనిచేసింది, ఎందుకు అక్కడే ఆగింది అన్నది కూడా చెప్పుకోవాలి. బీమా కంపెనీలు భయపడేది దొంగ జబ్బుకు. ముఠాలో ఆ భయం లేదు. నలభై కిలోల బస్తా భుజానికెత్తుకున్న మనిషి కాళ్ళు చూసి తోటివాడు అతని ఆరోగ్యం చెప్పగలడు. ఇంత కచ్చితమైన సమాచారం ఏ క్లెయిమ్ విభాగం దగ్గరా ఉండదు, కాబట్టే కాగితం ముక్క లేకుండా సగం పాలు ఇవ్వగలిగారు. కాని ముఠాలో ఉన్నది కొద్దిమంది, అందరి రాబడికీ ఒకటే ఆధారం. 2020 మార్చి చివర లాక్‌డౌన్‌తో సీజన్ మధ్యలో యార్డు మూతపడినప్పుడు అందరి పాలూ ఒకేసారి సున్నా అయింది, ఎవరూ ఎవరినీ ఆదుకోలేకపోయారు. ఒక మనిషి శాశ్వతంగా పనికి దూరమైతే కూడా అంతే: ఒక నెల సగం పాలు భరించగలరు, ఏడాది పాటు భరించలేరు. అందుకే నగదు ఇవ్వలేని ముఠా చోటు ఇచ్చింది.

ఈఎస్ఐ ఉండి ఉంటే

ఈయన రాబడి నెల సగటున 13,900, యజమాని, కార్మికుడు కలిసి చందా కట్టే ఉద్యోగుల బీమా అయిన ఈఎస్ఐ వేతన పరిమితి 21,000 కంటే చాలా తక్కువ. చందా లెక్కవేస్తే యజమాని 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం, అంటే ఆయన వాటా నెలకు నూట నాలుగు రూపాయలు. జబ్బు భత్యం వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదిలో 91 రోజుల వరకు వస్తుంది. ఫిబ్రవరిలో వచ్చిన జబ్బుకు అంతకుముందు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టిన చందానే ప్రాతిపదిక అవుతుంది కాబట్టి, సీజన్ సగం మాత్రమే ఉన్న ఆ ఆరు నెలల సగటును బట్టి లెక్క కొంత తగ్గుతుంది. స్థూలంగా 26,000 నుంచి 27,000 మధ్య చేతికి వచ్చేది. బయట నూటికి మూడు చొప్పున తెచ్చిన అప్పు కూడా దాదాపు ఆ మేరకే ఉంది. ఆ సొమ్ము మార్చి, మే నెలల మధ్య అంది ఉంటే అబ్బాయి చదువు నిలిచేదని నేను చెప్పలేను, ముఠా చోటు సమస్య అప్పటికీ ఉంటుంది గనుక. తాకట్టూ అప్పూ ఒకేసారి మెడకు చుట్టుకోకపోయి ఉంటే కుటుంబం ఆ నిర్ణయాన్ని వాయిదా వేసుకోగలిగేది.

ఈఎస్ఐ లేకపోవడానికి కారణం యజమాని ఫలానా అని చెప్పలేకపోవడం. కూలి ఇచ్చేది ఒకచోట రైతు, మరోచోట వ్యాపారి; పని జరిగేది కమీషన్ ఏజెంటు కొట్టు ముందు; చోటు మార్కెట్ కమిటీది. ఎవరిని అడిగినా రెండోవారిని చూపిస్తారు. ఈ చిక్కును మహారాష్ట్ర 1969లోనే మాథాడీ చట్టంతో వేరే విధంగా విప్పింది. యజమాని ఎవరన్న వాదులాట పక్కన పెట్టి, కూలీలనూ, వారిచేత పని చేయించుకునే వ్యాపారులనూ బోర్డు దగ్గర నమోదు చేయించి, కూలితో పాటు దాని మీద కొంత శాతం లెవీని కూడా బోర్డుకే కట్టించి, అందులోంచి భవిష్యనిధి, గ్రాట్యుటీ, వైద్యం వంటివి సమకూర్చే ఏర్పాటు అది. కేరళ 1978లో తలమోత కార్మికుల కోసం ఇలాంటి చట్టమే చేసింది. ఆ బోర్డులన్నీ సజావుగా నడుస్తున్నాయని కాదు, వాటి మీద ఫిర్యాదులూ ఉన్నాయి. టిక్కీ లెక్కన కూలి వసూలయ్యే యార్డులో లెవీ వసూలు చేయడం మాత్రం సాంకేతికంగా కష్టమైన పని కానే కాదు. తక్‌పట్టీలో కూలికి ఇప్పటికే ఒక గడి ఉంది.

ఈ కేసు తరువాత మా నమోదు పత్రంలో మూడు మార్పులు చేశాం. ఇంటి రాబడిని మొత్తంగా కాక, ఎవరు ఎన్ని గంటలు పనిచేస్తే ఎంత వచ్చిందో మనిషి వారీగా రాస్తున్నాం. జబ్బు వచ్చిన ఇంట్లో పద్నాలుగు నుంచి ఇరవై నాలుగేళ్ళ లోపు వారి చదువు, పని వివరాలు రెండేళ్ళ పాటు విడిగా తీసుకుంటున్నాం. జబ్బు తేదీని నెలతోనే కాక సీజన్‌తో ముడిపెట్టి గుర్తిస్తున్నాం.

2023 సీజన్ ముగిసేనాటికి కుటుంబం స్థితి ఇది. బయటి అప్పు 30,000 తీరింది. అప్పటిదాకా కట్టిన వడ్డీ పది వేలు దాటింది. డ్వాక్రా వాయిదాలు సక్రమంగా నడుస్తున్నాయి. గొలుసు తాకట్టు విడిపించలేదు, వడ్డీ కట్టి తిరగరాయించారు. తండ్రి అదే అపార్ట్‌మెంటులో వాచ్‌మన్‌గా కొనసాగుతున్నారు, తల్లికి తొడిమల పని మునుపటిలాగే ఉంది. మేస్త్రీ నోట్‌బుక్కులో తండ్రి పేరు కొట్టేసి ఆ వరుసలోనే కొడుకు పేరు రాశారు. డిప్లొమా మూడో ఏడాది పరీక్షలకు అతను ఫీజు కట్టలేదు.